కొత్త ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌ను కొలిబ్రిలోకి ఎక్కించడం: ఒడిశా సరిహద్దు బడుల కేస్ స్టడీ

నేపథ్యం

ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల్లో ఆంధ్ర సరిహద్దు పొడుగునా ఒకే యాజమాన్యం కింద నడిచే మూడు బడుల వ్యవహారం ఇది. ఊళ్లూ పేర్లూ వదిలేశాం. మూడూ సీబీఎస్‌ఈ బడులే, పిల్లల చేతిలో ఉండేది ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీషు పుస్తకం. ఇళ్లలో మాత్రం తెలుగు, ఒడియా, సవర, కువి. పుస్తకం ఇంగ్లీషులో చదివించి అర్థం తెలుగులోనో ఒడియాలోనో చెప్పడం అక్కడి మాస్టార్లకు రోజూ ఉన్న పనే. భారతీయ భాషల్ని కూడా బోధనా మాధ్యమంగా వాడుకోవచ్చని 2023 జులైలో సీబీఎస్‌ఈ చెప్పాక, దానికి తగ్గ సామగ్రి కంప్యూటర్ గదిలోనూ ఉండాలని యాజమాన్యం పట్టుబట్టింది.

సాఫ్ట్‌వేర్ కొత్తగా వెతకనక్కర్లేదు, కొలిబ్రి అప్పటికే నడుస్తోంది. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కొలిబ్రి స్టూడియో అనేది ఇంటర్నెట్‌లో ఉంటుంది. వీడియోలు, పీడీఎఫ్‌లు, సాధన ప్రశ్నలు అక్కడ ఫోల్డర్లుగా పేర్చి ‘ఛానెల్’ తయారుచేసి పబ్లిష్ చేస్తారు. బడిలో ఉండే కొలిబ్రి సర్వర్ ఆ ఛానెల్‌ను ఒకసారి దించుకుంటే, ఆ తర్వాత ఇంటర్నెట్ లేకపోయినా రౌటర్ పరిధిలోని ట్యాబ్‌లన్నిటికీ వడ్డిస్తుంది. తెరమీది మాటలు తెలుగులో పెట్టుకునే వీలుంది. లైన్ ఎప్పుడు పోతుందో తెలియని చోట ఇంటర్నెట్ మీదే నడిచే సైట్ పెట్టడం అనవసరమైన తలనొప్పి, అందుకే వర్డ్‌ప్రెస్ ప్రస్తావన వచ్చినా ముందుకు సాగలేదు.

6, 7, 8 తరగతులకు లెక్కలు, సైన్సు విడివిడి ఛానెళ్లుగా ఉండేవి. ఫోల్డర్లు పాత పుస్తకం అధ్యాయాల వరసలోనే. 2024 దాకా ఇది ఎవరికీ ఇబ్బంది కాలేదు.

వచ్చిన సమస్య

2024లో 3, 6 తరగతులకు, 2025లో 4, 5, 7, 8 తరగతులకు పుస్తకాలు మారాయి. 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం రాసిన పుస్తకాలివి. ఆరో తరగతికి ఏప్రిల్‌లో సెషన్ మొదలైతే కొత్త పుస్తకాలు వేసవి సెలవుల తర్వాత గాని అందలేదు. మధ్యలో ఎన్‌సీఈఆర్‌టీ ఇచ్చిన నెలరోజుల బ్రిడ్జి కార్యక్రమంతో నెట్టుకొచ్చారు. పుస్తకం చేతికందాక, సామగ్రి తయారుచేసే మమ్మల్ని బడి అడిగింది ఒక్కటే: ‘కంప్యూటర్లో కూడా కొత్త పుస్తకం పెట్టండి.’

వినడానికి చిన్న పనిలా ఉంటుంది. ఆరో తరగతి లెక్కలు ఒక్కటి తీసుకుని పాత, కొత్త పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కు తెలుస్తుంది. 2006 నాటి పుస్తకంలో 14 అధ్యాయాలు, కొత్తదాంట్లో 10. నాలుగు తగ్గాయి కదా అనుకుంటే పొరపాటు. దశాంశాలు పాతదాంట్లో ఆరో తరగతి 8వ అధ్యాయం. ఇప్పుడు ఏడో తరగతి మొదటి భాగానికి వెళ్లాయి. 11వ అధ్యాయమైన బీజగణితం కూడా ఏడుకు వెళ్లింది. 12వ అధ్యాయం, నిష్పత్తి-అనుపాతం, ఎనిమిదో తరగతిలో తేలింది. పూర్ణసంఖ్యలు 6 నుంచి 10కి దిగాయి, దత్తాంశ నిర్వహణ 9 నుంచి 4కి ఎక్కింది. భిన్నాలు మాత్రం అప్పుడూ 7, ఇప్పుడూ 7. ఈ ఒక్కటి కుదరడం మేలుకన్నా కీడే చేసింది: మిగతావీ అలాగే ఉంటాయన్న ధీమా ఇచ్చింది.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు 3వ అధ్యాయంలో ఉంది. పాత 3 పేరు ‘ప్లేయింగ్ విత్ నంబర్స్’, కొత్త 3 పేరు ‘నంబర్ ప్లే’. పేరు చూసి ఒకటే అనుకుంటారు ఎవరైనా. పాతదాంట్లో ఉన్నవి కారణాంకాలు, గుణిజాలు, కసాగు, గసాభా. కొత్తదాంట్లో ఉన్నవి సంఖ్యలతో ఆటలు, ఎటు చదివినా ఒకటే అయ్యే సంఖ్యలు, గణితవేత్త కాప్రేకర్ పేరున్న 6174 సంఖ్య తమాషా. కారణాంకాల సరుకు చాలావరకు కొత్త పుస్తకంలో 5వ అధ్యాయం ‘ప్రైమ్ టైమ్’కు పోయింది.

అంటే ఇది పేర్లు మార్చే పని కాదు. ఒక్కో వనరు (వీడియో, పీడీఎఫ్, సాధన ఏదైనా) ఏ తరగతిలో, ఏ అధ్యాయంలో, ఏ పీరియడ్‌కు పనికొస్తుందో మళ్లీ తేల్చాలి. పైగా పిల్లలు ఇదివరకు ఏ సాధన ఎంతవరకు చేశారన్న లెక్క, మాస్టార్లు తమ తరగతికి వనరులు ఎంచి కొలిబ్రిలో కట్టుకున్న లెసన్లు పోకూడదు.

చేసి చూసినవి, తేడా కొట్టినవి

మొదట బడిలోని కంప్యూటర్ విభాగం ఉన్న ఛానెల్‌నే దిద్దింది. 14 ఫోల్డర్లలో పదింటికి కొత్త పేర్లు పెట్టి, మిగిలిన నాలుగూ తీసేసి, పబ్లిష్ నొక్కారు. బడి సర్వర్ కొత్త వెర్షన్ వచ్చిందని చూపితే అప్‌డేట్ ఇచ్చారు. మర్నాటికి రెండు ఫిర్యాదులు. ‘నంబర్ ప్లే’ తెరిస్తే గసాభా వీడియో వస్తోంది. పాత సిలబస్‌లోనే చదువుతున్న ఏడో తరగతి వాళ్ల కోసం ఒక మాస్టారు దశాంశాల మీద కట్టుకున్న పునశ్చరణ లెసన్‌లో వనరులు లేవని చూపుతోంది.

రెండోదానికి కారణం అర్థమైతే మిగతా పనంతా అర్థమైనట్టే. స్టూడియోలో ప్రతి వనరుకూ రెండు గుర్తులుంటాయి. నోడ్ ఐడీ అంటే ఆ ఛానెల్ ఫోల్డర్ల చెట్టులో ఆ వనరు కూర్చున్న చోటు. కంటెంట్ ఐడీ అంటే ఆ వనరు తానే. మాస్టారు లెసన్‌లో ఒక వనరును ఎంచుకుంటే లెసన్ దాన్ని నోడ్ ఐడీతో గుర్తుపెట్టుకుంటుంది. పిల్లవాడు సాధన పూర్తిచేస్తే ఆ లెక్క కంటెంట్ ఐడీ మీద పడుతుంది. ఛానెల్లోపల ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు జరిపితే రెండు ఐడీలూ అలాగే ఉంటాయి. నకలు తీస్తే నోడ్ ఐడీ కొత్తది, కంటెంట్ ఐడీ పాతదే. తీసేసి మళ్లీ అప్‌లోడ్ చేస్తే రెండూ కొత్తవే. ఫైలు అక్షరం తేడా లేకుండా అదే అయినా సరే.

తీసేసిన నాలుగు ఫోల్డర్లూ స్టూడియో చెత్తబుట్టలో ఉన్నాయి కాబట్టి బతికాం. అక్కడినుంచి వెనక్కి తెస్తే పాత ఐడీలతోనే వస్తాయి. చెత్తబుట్ట ఖాళీ చేసి ఉంటే దారి లేదు. ఈ పని జరిగినన్నాళ్లూ చెత్తబుట్ట జోలికి ఎవరూ పోకూడదని అప్పుడే నిబంధన పెట్టాం.

ఆ తర్వాత, పాతదాన్ని ముట్టుకోకుండా కొత్త ఛానెల్ తెరిచి హార్డ్‌డిస్క్‌లోని ఫైళ్లన్నీ మళ్లీ ఎక్కించే దారి ప్రయత్నించారు. చూడ్డానికి శుభ్రంగా ఉంది. కానీ మాస్టారి రిపోర్టులో భిన్నాల సాధన అంతకుముందే పూర్తిచేసిన పిల్లలందరూ మొదటినుంచి మొదలుపెట్టాల్సినవాళ్లుగా కనిపించారు. కారణం పైన చెప్పిందే, కంటెంట్ ఐడీలు కొత్తవి. దీంతోపాటు స్టూడియో ఖాతాకు మామూలుగా ఇచ్చే 500 ఎంబీ జాగా సైన్సు వీడియోలు సగంలో ఉండగానే నిండిపోయింది. జాగా అడిగితే ఇస్తారు, సెట్టింగ్స్‌లో దానికో ఫారం ఉంది. కానీ ముందే అడగాలి, పని మధ్యలో కాదు.

మూడోది ఆలోచనగా మంచిదే, వాడకంలో నిలవలేదు. జాతీయ చట్రంలో సబ్జెక్టుకు కరిక్యులర్ గోల్స్, వాటి కింద సామర్థ్యాలు, వాటి కింద అభ్యసన ఫలితాలు ఉంటాయి. పుస్తకాలు మారినా ఇవి త్వరగా మారవు కాబట్టి ఫోల్డర్ చెట్టును వీటి మీదే కడదామన్నారు. కట్టి చూపించాం. ఒక లెక్కల మాస్టారు చూసి, ‘ఈ గోల్సూ గట్రా మీ దగ్గరుంచుకోండి సార్, రేపు నాలుగో పీరియడ్‌కి ఏది తియ్యాలో అది సెప్పండి సాలు’ అన్నారు. ఆయన మాటలో న్యాయముంది. చేతిలో పుస్తకం, ఎదురుగా నలభైమంది పిల్లలు ఉన్న మనిషి పేజీ నంబరుతో వెతుకుతాడు, సామర్థ్యం నంబరుతో కాదు. కానీ పుస్తకం మీద కడితే పుస్తకం మారినప్పుడల్లా కూలుతుంది. ఈ రెండు అవసరాలూ ఒకే చెట్టులో ఇమడవు.

కుదిరిన అమరిక

అందుకే రెండు ఛానెళ్లు. ఒకటి గోదాం. అందులో వనరులన్నీ సామర్థ్యాల వరసలో ఉంటాయి. దాని టోకెన్ (ఛానెల్‌ను దించుకోవడానికి ఇచ్చే కోడ్) బడులకు ఇవ్వలేదు, అది తయారీదార్లకే. రెండోది బడికి వెళ్లేది. అందులో తరగతి, సబ్జెక్టు, అధ్యాయం, పీరియడ్ ఫోల్డర్లు మాత్రమే మనవి, వాటిలోని వనరులన్నీ గోదాంనుంచి ‘ఇంపోర్ట్ ఫ్రమ్ ఛానెల్స్’తో తెచ్చిన నకళ్లు. గోదాంలోకి కూడా పాత ఛానెళ్లనుంచి ఇదే పద్ధతిలో తెచ్చాం, ఒక్క ఫైలూ మళ్లీ అప్‌లోడ్ చెయ్యలేదు. నకలుకు నకలైనా కంటెంట్ ఐడీ మారదు కాబట్టి పిల్లల సాధన లెక్కలు చెక్కుచెదరకుండా వచ్చాయి.

ఒకే వనరు రెండుమూడు ఛానెళ్లలో ఉంటే బడి సర్వర్లో జాగా రెండింతలు పడుతుందేమోనని యాజమాన్యం అడిగింది. పట్టదు. కొలిబ్రి ఫైళ్లను పేరుతో కాకుండా ఫైలులోని సరుకునుంచి లెక్కగట్టిన సంఖ్యతో దాస్తుంది. ఒకే ఫైలు ఎన్ని చోట్ల కనిపించినా డిస్కుమీద ఒక్కటే ఉంటుంది.

బడికి వెళ్లే ఛానెల్ తరగతికొకటి పెట్టాలా, మూడు తరగతులకూ కలిపి ఒకటా అన్నది తర్వాతి నిర్ణయం. కలిపి ఒకటే పెట్టాం. దశాంశాలు ఆరునుంచి ఏడుకు, నిష్పత్తి ఎనిమిదికి జరిగిన తీరు చూస్తే, అధ్యాయాలు తరగతి గడప దాటుతున్నాయి గాని 6–8 దశ దాటి పోవడం తక్కువ. ఒకే ఛానెల్ అయితే రేపు మళ్లీ జరిగినా అది లోపలి జరుపుడే అవుతుంది, నోడ్ ఐడీ నిలుస్తుంది, లెసన్లు తెగవు. సర్వర్లోకి దించుకునేటప్పుడు ఫోల్డర్లవారీగా ఎంచుకునే వీలుంది కాబట్టి, ఆరో తరగతి మాత్రమే కావాలన్న బడికీ ఇబ్బంది లేదు.

ఇక నంబర్లు. ఫోల్డర్లకు అంకెల కోడ్ మాత్రమే పెట్టాం, ఏ భాషవాళ్లైనా ఒకేలా చదువుతారని. తరగతి రెండంకెలు, సబ్జెక్టు ఒక అంకె, పుస్తకం భాగం ఒక అంకె, అధ్యాయం రెండు, పీరియడ్ రెండు. ‘06.1.0.07.05 భిన్నాలను పోల్చడం’ అంటే ఆరో తరగతి, లెక్కలు, ఒకే భాగమున్న పుస్తకం, 7వ అధ్యాయం, 5వ పీరియడ్. భాగానికి విడిగా అంకె ఎందుకంటే ఏడు, ఎనిమిది తరగతుల లెక్కల పుస్తకాలు రెండేసి భాగాలుగా వచ్చాయి, రెండో భాగంలో అధ్యాయాలు మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. ఆ అంకె లేకపోతే ఏడో తరగతికి రెండు ‘01’లు తయారవుతాయి. ఒకటంకె అధ్యాయానికి ముందు సున్నా పెట్టకపోతే షీటులో 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది.

వనరుకు మాత్రం వేరే నంబరు: నాలుగంకెల వరస సంఖ్య, అర్థమేమీ లేనిది. ‘భిన్నాల పోలిక, సాధన 0417’ లాగా. దీనిమీద కొంత వాదన నడిచింది. నంబరు చూడగానే తరగతి తెలియాలి కదా అన్నారు. నంబరులో తరగతి పెడితే వనరు తరగతి మారిన రోజు నంబరు అబద్ధం చెబుతుంది, లేదా నంబరు మార్చాలి. మార్చిన క్షణం పాత షీట్లు, మాస్టార్ల డైరీల్లో రాసుకున్నవి అన్నీ తప్పిపోతాయి. జరిగేదానికి అర్థమున్న కోడ్, జరగనిదానికి అర్థం లేని నంబరు. ఈ ఒక్క నిర్ణయం వల్లే ఏడాది తిరిగి ఏడు, ఎనిమిది పుస్తకాలు మారినప్పుడు గోదాంలో ఏదీ ముట్టుకోకుండా ఫోల్డర్లు మాత్రమే కొత్తగా కట్టగలిగాం.

షీటు దగ్గర జాగ్రత్తలు

అన్నిటికీ మూలం ఒక ఎక్సెల్ షీటు. వరసకో వనరు, నంబరు, శీర్షిక, రకం, భాష, సామర్థ్యం, లైసెన్సు, హక్కుదారు, నిడివి, ఈ ఏడాది ఫోల్డర్ కోడ్, చూసి సరే అన్న మాస్టారి సంతకం గడి. స్టూడియోలో చెయ్యిపెట్టేముందు ఇది పూర్తికావాలి. చెట్టు కడుతూ ఆలోచిస్తే ప్రతి ఫోల్డరూ రెండుసార్లు కట్టాల్సి వస్తుంది.

ఎక్సెల్ తనంతట తాను తెలివి చూపించే చోట్లు మూడున్నాయి. 0417 కొడితే ముందు సున్నా మింగి 417 చేస్తుంది. 06-04 అని గీతతో కోడ్ రాస్తే తేదీ అనుకుంటుంది. ఆ కాలమ్‌ను ముందుగా ‘టెక్స్ట్’గా మార్చాకే టైపు చెయ్యాలి, చేశాక మారిస్తే పోయిన సున్నా తిరిగి రాదు. మూడోది పిల్లల పేర్ల జాబితాతో వచ్చింది. కొలిబ్రిలోకి పిల్లల్ని సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలుతో ఒకేసారి ఎక్కించవచ్చు. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు, ఒడియా పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా దిగుతాయి. ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్న రకాన్నే ఎంచుకోవాలి. యూజర్‌నేమ్‌గా అడ్మిషన్ నంబరు పెట్టాం, పేరుకు ఒక్కొక్కరూ ఒక్కో స్పెల్లింగు రాస్తారు కాబట్టి.

శీర్షికల సంగతి ఇంకా చిరాకు. పాత తెలుగు నోట్సు చాలావరకు డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టించినవి. పీడీఎఫ్‌గా తెరిస్తే చక్కగా కనిపిస్తాయి, అందులోంచి శీర్షిక కాపీ చేసి స్టూడియోలో అతికిస్తే పిచ్చి గుర్తులు పడతాయి. కొలిబ్రిలో పిల్లలు వెతికితే దొరికేది శీర్షిక, వివరణలను బట్టే. అందువల్ల పీడీఎఫ్ లోపల పాత ఫాంటున్నా వదిలేశాం గాని, ప్రతి శీర్షికనూ యూనికోడ్‌లో మళ్లీ కొట్టించాం. యూనికోడ్‌లో కూడా ఒక చిక్కుంది: పొల్లు తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. రెండు శీర్షికలు చూపుకు ఒకటే, షీటు మాత్రం వేరంటుంది. అందుకే దేన్నైనా నంబరుతోనే సరిపోల్చాలి, శీర్షికతో కాదు.

లైసెన్సు గడి ఖాళీగా వదిలితే స్టూడియో ఆ వనరు అసంపూర్తి అని చూపుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పీడీఎఫ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది కదా, ఛానెల్లో పెట్టేద్దామని బడి అడిగింది. ఉచితంగా చదువుకోనివ్వడం వేరు, మనం పంచిపెట్టే హక్కు వేరు. పుస్తకం పిల్లల సంచిలో ఎలాగూ ఉంది. పీరియడ్ ఫోల్డర్ వివరణలో ‘పుస్తకం పేజీలు ఇన్ని నుంచి ఇన్ని’ అని రాస్తే చాలు. చదువుకునే కథలకు స్టోరీవీవర్ అనే సైట్ పనికొచ్చింది. తెలుగు, ఒడియా రెండిట్లోనూ కథలున్నాయి, లైసెన్సు సీసీ-బై 4.0, అంటే రాసినవాళ్ల పేరు చెప్పి పంచుకోవచ్చు.

ఒక పీరియడ్ ఫోల్డర్ లోపల

భిన్నాల పోలిక పీరియడ్‌నే తీసుకుంటే, లోపల నాలుగే నాలుగు వనరులు: తెలుగు వివరణ వీడియో, ఒడియా వివరణ వీడియో, ఒక పేజీ వర్క్‌షీట్ పీడీఎఫ్, ఒక సాధన. భాషలు కలిపి ఒకే వీడియోగా చెయ్యలేదు. ప్రతి వనరుకూ స్టూడియోలో భాష విడిగా నమోదుచెయ్యవచ్చు, మాస్టారు లెసన్ కట్టేటప్పుడు తన సెక్షన్‌కు కావలసింది ఒక్కటే ఎంచుకుంటారు. సాధన మాత్రం రెండు భాషలవాళ్లకూ ఒక్కటే. అందులో మాటలు తక్కువ, అంకెలు ఎక్కువ. విడిగా రెండు చేస్తే తరగతి రిపోర్టు రెండుగా చీలిపోతుంది, ఎవరు వెనకబడ్డారో తెలియడానికి మాస్టారు రెండు తెరలు చూడాలి.

ఒడియా మాధ్యమంలో అయిదోక్లాసు చదివి వచ్చిన పిల్లలు ఒడియా అంకెలకు అలవాటుపడి ఉంటారు. జవాబు టైపు చేసే ప్రశ్నల్లో కీబోర్డుమీది మామూలు అంకెలే పడాలి. ఆరో తరగతి మొదటి అధ్యాయానికి ముందు ‘00’ ఫోల్డర్లో అంకెలు కొట్టడం అలవాటయ్యే చిన్న సాధన పెట్టాం. భిన్నం జవాబున్నచోట టైపు చేయించకుండా నాలుగింట్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలే వాడాం.

సాధన ఎప్పుడు పూర్తయినట్టు? పాత ఛానెల్లో అన్నిటికీ ‘వరసగా 10 సరైనవి’ అని ఉంది, ప్రశ్నలు మాత్రం సాధనకు ఆరేసి. ఆరింటితో పది పూర్తవ్వాలంటే అవే తిరిగి రావాలి. పిల్లలు లెక్క చెయ్యడం మానేసి జవాబు ఏ గడిలో ఉందో గుర్తుపెట్టుకుంటారు. తొమ్మిదోది వేలు జారి తప్పయితే మళ్లీ సున్నా, ట్యాబ్ పక్కన పడేస్తారు. ‘7లో 5’ అని మార్చి, ఒక్కో సాధనకు 12 ప్రశ్నలకు తగ్గకుండా పెంచాం. సూచన వాడుకుంటే ఆ ప్రశ్న సరైనదిగా లెక్కకు రాదన్నది పిల్లలకు ముందే చెప్పాలి, లేకపోతే సాఫ్ట్‌వేర్ మోసం చేస్తోందంటారు.

ప్రశ్నలో తప్పుంటే ఎక్కడ దిద్దాలి? అసలు వనరు ఉన్న ఛానెల్లో. బడి ఛానెల్లోని నకలులో ప్రశ్న దిద్దితే స్టూడియో దాన్ని అసలుకు భిన్నమైన వనరుగా లెక్కగట్టి కొత్త కంటెంట్ ఐడీ ఇస్తుంది, సాధన లెక్క అక్కడితో తెగుతుంది. అసలులో దిద్ది, నకళ్లున్న గోదాంలోనూ బడి ఛానెల్లోనూ, అసలులోని మార్పును నకలుకు తెచ్చే ‘సింక్ రిసోర్సెస్’ ఇవ్వాలి. అందులోనూ ఫైళ్లు, ప్రశ్నల గడులే టిక్ పెట్టాలి. శీర్షికల గడి టిక్ పెడితే బడి ఛానెల్లో మాస్టార్లు అడిగి మార్పించుకున్న పేర్లు అసలు వనరుల పేర్లతో కొట్టుకుపోతాయి. ఈ కారణంగానే బడి ఛానెల్లో దిద్దే అనుమతి ఒకరిద్దరికి మించి ఇవ్వలేదు.

వీడియోలు 480పీ స్పష్టత, హెచ్.264 ఫార్మాట్, సెకనుకు 700 కిలోబిట్లు. అయిదు నిమిషాలకు 26 ఎంబీ చొప్పున అరవై వీడియోలకు ఒకటిన్నర జీబీ చాలు. ఈ మధ్య ఫోన్లు హెచ్.265లో తీస్తున్నాయి. అలాంటివి నేరుగా ఎక్కిస్తే కంప్యూటర్లో ఆడతాయి, బడిలోని పాత ట్యాబ్‌లో మాట వినిపిస్తుంది గాని బొమ్మ రాదు. ప్రతి వీడియోనూ హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో హెచ్.264కి మార్చి, ఉన్నవాటిలో అన్నిటికన్నా పాత ట్యాబ్‌లో ఆడించి చూశాకే ఎక్కించాలి.

బడికి చేర్చడం

ఇంటర్నెట్ బాగున్న చోట ల్యాప్‌టాప్‌లో కొలిబ్రి వేసి, టోకెన్ ఇచ్చి ఛానెల్ దించుకుని, ఆ ల్యాప్‌టాప్‌ను బడి రౌటర్‌కు కలిపితే బడి సర్వర్ దానినుంచే లోకల్ నెట్‌వర్క్ మీద తీసుకుంటుంది. పెన్‌డ్రైవ్ దారీ ఉంది. ఎక్స్‌పోర్ట్ ఇస్తే డ్రైవ్‌లో కొలిబ్రి డేటా ఫోల్డర్ ఒకటి తయారవుతుంది. దాని పేరు మార్చకూడదు, ఇంకో ఫోల్డర్లోకి తొయ్యకూడదు. సర్వర్ దానికోసం డ్రైవ్ మొదట్లోనే వెతుకుతుంది. చిన్నచిన్న ఫైళ్లు వేలల్లో ఉంటాయి కాబట్టి నాసిరకం పెన్‌డ్రైవ్‌తో పూటంతా పడుతుంది. ల్యాప్‌టాపే మేలు.

అప్‌డేట్ నొక్కేముందు సర్వర్ ఒక పట్టిక చూపుతుంది: కొత్తగా చేరేవి ఎన్ని, మారేవి ఎన్ని, తొలగేవి ఎన్ని. సెషన్ నడుస్తుండగా తొలగేవాటి దగ్గర 0 తప్ప ఇంకేదున్నా నొక్కకూడదని ప్రతి సర్వర్ మీదా కాగితం అంటించి ఉంది. 0 కాకపోతే స్టూడియోలో ఎవరో జరపాల్సింది తీసేశారని అర్థం.

పాత ఛానెళ్లను సర్వర్లలోంచి తియ్యలేదు. పాత ఆరు, ఏడు చదివి 2025లో కొత్త ఎనిమిదికి వచ్చిన పిల్లల దగ్గరే అసలు ఖాళీ తేలింది. వాళ్లు చూడని కొత్త ఏడో తరగతి విషయాలను ఆ పుస్తకం తెలిసినవిగా తీసుకుంటుంది. ‘08.1.1.00’ కింద వంతెన ఫోల్డర్ పెట్టి గోదాంనుంచి కావలసినవి తెచ్చాం. కంటెంట్ ఐడీ నిలిచినందుకు ఒక పక్కపోటూ ఉంది. పాత ఆరో తరగతిలో దశాంశాల సాధన ముగించినవాడికి ఆ వంతెనలో అదే సాధన అప్పుడే పూర్తయినట్టు చూపుతుంది. గురుతు చూసి మాస్టారు వదిలేస్తే, రెండేళ్ల కింద వచ్చింది ఇప్పుడూ వచ్చనుకున్నట్టే. వంతెన ఫోల్డర్లు మొదలుపెట్టేముందు సాధన గుర్తులు చూడకుండా కొలిబ్రిలోనే పది ప్రశ్నల క్విజ్ పెట్టించడం ఇందుకే. క్విజ్ మార్కులు విడిగా నమోదవుతాయి.

ఇంకో బడిలో ఇదే పని మొదలెడితే వరస ఇలా ఉండాలి: ముందు స్టూడియో జాగా అడగడం, తర్వాత షీటు, ఆ తర్వాత ఒక్క అధ్యాయం పూర్తిగా కట్టి మాస్టారి చేత రెండు పీరియడ్లు నడిపించడం, అప్పుడే మిగతా చెట్టు. మొదటి అధ్యాయంతో మొదలుపెట్టడం కన్నా భిన్నాల్లాంటి బరువైన అధ్యాయంతో మొదలుపెడితే లోపాలు త్వరగా బయటపడతాయి. సైన్సు ఆరో తరగతిలోని 12 అధ్యాయాలూ ఈ అచ్చులోనే పెద్ద ఇబ్బంది లేకుండా ఇమిడాయి. సోషల్ ఇంకా ఎక్కించలేదు. అందులో ఒక్కో పాఠానికి స్థానిక ఉదాహరణలు కావాలి, మూడు బడుల చుట్టూ మూడు రకాల ఊళ్లు. ఒకే పీరియడ్ ఫోల్డర్లో మూడు బడుల సరుకూ పెట్టాలా, బడికో చిన్న ఛానెల్ విడిగా ఇవ్వాలా అన్నది మాస్టార్లతో మాట్లాడి తేల్చాల్సి ఉంది. ప్రస్తుతానికి మొగ్గు రెండోదానివైపే.